నల్లమలలో కార్చిచ్చు

వేసవి రాత్రులలో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల పొలములనుండి తూర్పుదిక్కునకు చూచువారికి అప్పుడప్పుడు కొండవాలుమీద ఒక ఎఱ్ఱని గీత కనిపించును. దూరమునకు అది దీపముల వరుసవలె అందముగనే యుండును. దగ్గరకు పోయినచో అది ఎండుటాకులను, గడ్డిని కాల్చుచు పైకి ప్రాకుచున్న మంట యని తెలియును. దీనినే మనవారు కార్చిచ్చు అనిరి. దావానలము, దావాగ్ని అనునవి దాని సంస్కృత నామములు.

ఈ నిప్పును అడవినుండి దూరముగ నుంచుటకు ప్రభుత్వము నూటయేబది యేండ్లకు పైగా పాటుపడుచున్నది. ఆ కృషిలో కొన్ని విజయములు కలవు. కొన్ని పొరపాట్లు కలవు. నిప్పును అసలే రానీయకుండుట మేలా, లేక దానిని అదుపులో నుంచి వాడుకొనుట మేలా అను ప్రశ్న అడవులను కాపాడువారిని మొదటినుండియు వేధించినది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకిన చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

అడవి స్వభావము

నల్లమల కొండలు తూర్పుకనుమలలోని భాగము. ఉత్తరమున కృష్ణానదికిని, దక్షిణమున పెన్నకును నడుమ ఇవి బారులు తీరియున్నవి. వీనికి పడమట కుందూ నది లోయ కలదు. ఆ లోయలో నంద్యాల, దానికి దక్షిణముగ ఆళ్లగడ్డ ఉన్నవి. లోయకు ఆవలిప్రక్క ఎఱ్ఱమల కొండలు. చిరకాలము కర్నూలు జిల్లాలో భాగముగ నుండిన ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లాగా ఏర్పడినది.

నల్లమల ఎక్కువగా ఆకురాల్చు అడవి. టేకు, నల్లమద్ది, వేగి, చిరుమాను, తునికి, ఇప్ప, వెదురు ఇందు విరివిగా పెరుగును. అహోబిలము, రుద్రవరము వైపున రక్తచందనము కూడ కలదు. చెట్లక్రింద, చెట్లు పలుచగనున్న మెట్టలమీద బోదగడ్డి మొదలైన పొడవాటి గడ్డిజాతులు మొలచును. వర్షకాలమున మనిషిని దాచునంతగా పెరిగిన ఈ గడ్డి సంక్రాంతినాటికి ఎండిపోవును. మాఘ ఫాల్గుణ మాసములలో చెట్లు ఆకులు రాల్చును. ఆకులు లేని కొమ్మలనుండి ఎండ నేరుగా నేలమీద పడి రాలిన ఆకులను అప్పడములవలె పెళపెళలాడునట్లు చేయును. అనగా ఏటేట ఈ అడవి తన వంటచెరకును తానే సమకూర్చుకొని, ఎండబెట్టి, పరచి యుంచుచున్నది. నిప్పురవ్వ ఒకటి తక్కువ, అంతే.

ఈ కొండలు మైదానమునకు నీటితొట్లవంటివి. గుండ్లకమ్మ నది గుండ్ల బ్రహ్మేశ్వరము కొండలలో పుట్టి తూర్పునకు పారును. గాలేరు, వక్కిలేరు మొదలైన వాగులు పడమటికి దిగి కుందూలో కలియును. ఆకుచెత్తయు, గడ్డివేళ్లును ఉన్న నేల వాననీటిని పీల్చి మెల్లగ విడుచును. కాలిన నేలమీద తొలకరి వాన నేరుగా పడి మట్టిని కోయును. ఆ మట్టి చెఱువులలో పూడికయగును. కావున అడవికి పట్టిన మంట అడవితో ఆగదు. దాని ఫలితము పొలము గట్టువరకు వచ్చును.

మంట పుట్టుక, నడక

మంటకు మూడు వస్తువులు కావలెను: కాలుటకు వంటచెరకు, గాలిలోని ప్రాణవాయువు, రాజుకొనుటకు తగిన వేడిమి. ఈ మూటిలో ఏ ఒక్కటి లేకున్నను మంట యుండదు. అడవిలో గాలిని తీసివేయుట అసాధ్యము. వందల ఎకరములు చల్లార్చుటకు వేసవిలో నీరు దొరకదు. మిగిలినది వంటచెరకును తొలగించుట యొక్కటే. లోకమున అడవిమంటలను ఆపు పద్ధతులలో చాలభాగము ఈ చిన్న సూత్రమునుండి పుట్టినవే.

అడవిమంటలు మూడు రకములు. నేలలోని కుళ్లిన చెత్తలో కనబడక రగులునది మొదటిది. నేలపై గడ్డిని, ఆకులను కాల్చునది రెండవది. చెట్ల తలలనంటుకొని దూకునది మూడవది. ఉత్తర అమెరికాలోని దేవదారుజాతి అడవులలో మూడవరకము భయంకరముగ వ్యాపించును. నల్లమలలో సాధారణముగ కనబడునది రెండవరకము. దీని ఎత్తు తక్కువైనను వేగము తక్కువ కాదు.

కొండవాలు మంటకు మెట్లవంటిది. ఎగువకు పోవు మంటయొక్క నాలుకలు తమ ముందున్న గడ్డికి దగ్గరగా వాలి దానిని ముందే ఎండబెట్టి వేడెక్కించును. వాలు 10 డిగ్రీలు పెరిగినపుడెల్ల మంటవేగము సుమారు రెట్టింపగునని ఆస్ట్రేలియా అటవీశాస్త్రవేత్త మెకార్థర్ లెక్కగట్టెను. అందుచేతనే మంటకు ఎగువన నిలిచి దానిని ఆర్పబోవుట ప్రాణాంతకము.

చెట్టును చంపునది పైకి కనబడు బొగ్గు కాదు. బెరడునకు అడుగున కేంబియం అను లేతకణముల పొర యుండును. చెట్టు లావెక్కుట దీనివలననే. ఈ పొర సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి చచ్చిపోవును. బెరడు దానికి కంబళివంటిది. బెరడు మందము రెట్టింపైనచో వేడిమి లోపలికి చేరుటకు పట్టుకాలము సుమారు నాలుగురెట్లగును. ముదురు చెట్టు మంటకు తట్టుకొని నిలుచుటకును, దానిప్రక్కనే వ్రేలిమందపు మొక్క మాడిపోవుటకును కారణమిదే. అయితే మాడిన మొక్కలన్నియు చావవు. వేరు బ్రతికియున్నవి తిరిగి చిగుర్చును. మరుసటి యేడు మరల కాలును, మరల చిగుర్చును. ఇట్లు యేండ్లతరబడి మోకాలెత్తు దాటలేని మొక్కలు ఏటేట కాలు అడవులలో అసంఖ్యాకములు. పైకి చూచువారికి పెద్దచెట్లు కనబడుచుండుటచే అడవి క్షేమముగ నున్నట్లు తోచును. ఆ చెట్ల తరువాత వాని స్థానమున నిలుచు చెట్లు లేవన్న సంగతి తెలియదు.

నిప్పు పెట్టువారెవరు?

వెదుళ్లు గాలికి ఒరసికొని అగ్ని పుట్టునని పల్లెలలో చెప్పుకొందురు. పిడుగువలన కూడ నిప్పు పుట్టవచ్చును. కాని మనదేశమున అడవిమంటలలో అత్యధికభాగమునకు మనిషియే కారణమని అటవీశాఖల అనుభవము. పిడుగులు సాధారణముగ వానతోడనే వచ్చును. మంటలు వచ్చునది వానలు లేని కాలమున. ఈ ఒక్క విషయమే ఆలోచించువారికి చాలును.

మనిషి పెట్టు నిప్పులో దుర్మార్గము కంటె అవసరమే ఎక్కువ. ఎండిన గడ్డిని కాల్చినచో పశువులకు లేతపచ్చిక త్వరగా వచ్చునని కాపరులు కాల్తురు. ఇప్పపూవు తెల్లవారుజామున రాలును. ఎండుటాకులలో పడినచో ఏరుట కష్టము గనుక చెట్టుక్రింద చెత్తకు నిప్పంటింతురు. తునికిపొదలను కాల్చినచో బీడీలకు పనికివచ్చు లేతాకు బాగుగ వచ్చునని కొందరి నమ్మకము. తేనె తీయువారు పొగకొఱకు కాగడా వెలిగింతురు. బాటసారి ఆర్పక పారవైచిన బీడీముక్కయు, వంటపొయ్యిలో మిగిలిన నిప్పును ఇందు చేరును.

పండుగల కాలము కూడ ఈ సందర్భమున గమనింపదగినది. మహాశివరాత్రికి ఆత్మకూరు వైపునుండి నాగలూటి, పెద్దచెఱువు, భీమునికొలను మీదుగా వేలాది భక్తులు శ్రీశైలమునకు నడచిపోదురు. ఉగాదికి కన్నడదేశపు భక్తులు కాలినడకన వత్తురు. అహోబిల నరసింహస్వామి బ్రహ్మోత్సవములు ఫాల్గుణమున జరుగును. అడవి మిక్కిలి ఎండియున్న వారములును, అడవిలో మిక్కిలి జనమున్న వారములును ఒకటే యగుచున్నవి.

అటవీశాఖ రాక

కర్నూలు నవాబు పాలన 1839లో ముగిసి ఈ ప్రాంతము తూర్పు ఇండియా కంపెనీ వశమయ్యెను. 1858లో కర్నూలు ప్రత్యేక జిల్లాగా ఏర్పడెను. అంతకు రెండేండ్ల ముందు, 1856లో, మద్రాసు రాజధానిలో అటవీశాఖ స్థాపింపబడినది. హ్యూ క్లెగ్‌హార్న్ అను వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు దానికి మొదటి కన్సర్వేటరు. ఓడలకును, రైలుపట్టాల క్రింది దిమ్మెలకును కలప కావలసివచ్చుట ప్రభుత్వమునకు అడవులమీద హఠాత్తుగ కలిగిన శ్రద్ధకు ముఖ్యకారణము. 1864లో జర్మనీ దేశస్థుడైన డీట్రిక్ బ్రాండిస్ భారతదేశపు మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యెను.

అడవిని నిప్పునుండి కాపాడుట సాధ్యమని ఆకాలమున ఎక్కువమంది నమ్మలేదు. ఆ పని జరుగునని చూపినవాడు మధ్యపరగణాలలో పనిచేసిన కర్నల్ పియర్సన్. 1860ల దశకమున సాత్పురా కొండలలోని బోరీ అడవిలో అతడు చుట్టును గడ్డిని ముందే తొలగించి, కాపలా పెట్టి, వేసవి యంతయు మంట రానీయకుండ చేయగలిగెను. తరువాత ఈ పద్ధతి దేశమంతట వ్యాపించినది.

మద్రాసు అటవీచట్టము 1882లో వచ్చినది. దాని ననుసరించి నల్లమల అడవులు రిజర్వులుగ నిర్ణయింపబడినవి. రిజర్వులో నిప్పు పెట్టుట నేరమయ్యెను. అంతవరకు కాపరికి అలవాటు, చెంచువానికి జీవనవిధానము అయిన పని ఒక్క కలముపోటుతో శిక్షార్హమైనది.

అగ్నిరేఖలు

అడవిని గదులుగ విభజించుచు నడుమ గడ్డిగాని ఆకుగాని లేని బాటలను ఏర్పరతురు. ఇవియే అగ్నిరేఖలు. వాడుకలో ఫైర్‌లైన్లు. మంట వచ్చి ఈ బాట చేరినపుడు కాలుటకేమియు లేక ఆగిపోవును; ఆగకున్నను ఆర్పువారు నిలుచుటకు చోటు దొరకును. రేఖను తయారుచేయుటలో కాలము ముఖ్యము. ముందుగ రెండు అంచులను గీకి శుభ్రపరచెదరు. నడుమ మిగిలిన గడ్డిని చలికాలమున, గాలి లేని సాయంకాలములందు, అదుపులో కాల్చెదరు. అప్పుడు చుట్టుప్రక్కల అడవి ఇంకను పచ్చిగ నుండుటచే మంట దాటిపోదు. ఈ పని నెల రోజులు ఆలస్యమైనచో రక్షణకొఱకు పెట్టిన నిప్పే కార్చిచ్చు కావచ్చును.

మంట వచ్చిన తరువాత పచ్చికొమ్మలతో అంచులను కొట్టి ఆర్పుట పాతపద్ధతి. పెద్దమంటకు ఎదురుమంట పెట్టుదురు. అగ్నిరేఖ అంచున పెట్టిన ఈ చిన్నమంట పెద్దమంటకు ఎదురుగ పోయి దాని ముందున్న గడ్డిని కాల్చివేయును. రెండును కలిసిన చోట తినుటకు ఏమియు లేక చల్లారును. ముల్లును ముల్లుతో తీయుట యనగా ఇదే.

1880ల దశకమున నంద్యాలనుండి తూర్పునకు నల్లమలను దాటుచు రైలుమార్గము నిర్మింపబడినది. గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట స్టేషన్ల మధ్య అది అడవి నడుమ సాగును. దొరబావి వంతెన, బొగద సొరంగము ఆ కాలపు నిర్మాణములే. బొగ్గుయంత్రముల పొగగొట్టమునుండి నిప్పురవ్వలు ఎగిరిపడుట సహజము. కావున రైలుదారి కిరువైపుల గడ్డిని తొలగించుట అడవిలో రైలు పోవు ప్రతిచోట తప్పనిసరి పనియయ్యెను.

నిప్పును గూర్చిన వివాదము

నిప్పును పూర్తిగ బహిష్కరించుటయే అటవీశాస్త్రమున పరమధర్మమని పందొమ్మిదవ శతాబ్ది చివరివరకు భావించిరి. 1896లో స్లేడ్ అను అధికారి బర్మాలో నిప్పునుండి రక్షణ మితిమీరినదని "ఇండియన్ ఫారెస్టర్" పత్రికలో వ్రాసెను. వానలు మెండుగనున్న బర్మా టేకు అడవులలో మంటలు ఆపినకొలది వెదురు, పొదలు దట్టమై నేలకు వెలుతురు లేక టేకుమొలకలు రాకపోయెను. పైగా టేకువిత్తుల గట్టిపెంకు పగిలి మొలకెత్తుటకు కొంత వేడిమి సహాయపడును. ఎంతో వాదము జరిగిన పిమ్మట 1907 ప్రాంతమున బర్మాలోని కొన్ని తేమ అడవులలో అగ్నిరక్షణను విడిచిపెట్టిరి.

అమెరికా అనుభవము ఇంకను బోధకరము. 1910లో అక్కడి వాయవ్యరాష్ట్రములలో గొప్ప దావానలము చెలరేగి ఎన్నో ప్రాణములను బలిగొనెను. ఆ భయముతో ప్రతి మంటను ఆర్పివేయవలెనను విధానము బలపడినది. 1935లో అటవీశాఖ ప్రతి మంటను కనుగొనిన మరునాటి ఉదయము పదిగంటలలోగా అదుపుచేయవలెనని నియమము పెట్టెను. దశాబ్దములు ఇట్లు గడచుసరికి కాలవలసిన చెత్త కాలక పేరుకొనినది. చిన్నమంటలను ఆపినందువలన పెద్దమంటలకు వంటచెరకు సిద్ధమైనది. 1970ల దశకమున ఆ నియమమును విడిచి, తగినచోట అదుపులో కాల్చుటను అంగీకరించిరి.

అయితే నల్లమలకు ఏది వర్తించును? ఇచ్చట జాగ్రత్త అవసరము. బర్మా అడవి తడిది, నల్లమల పొడిది. ఇచ్చట వెలుతురుకు కొఱతలేదు, తేమకు కొఱత. ఏప్రిల్ మే నెలల మంట ఇచ్చటి మొలకలను, నేలలోని సారమును హరించును. గడ్డిని మాత్రము బలపరచును. గడ్డి బలపడినకొలది మరుసటి మంట తీవ్రమగును. కావున అడవియంతటను నిప్పు మంచిదనుట తప్పు. చలికాలమున, ఎంచిన రేఖలమీద, మనుష్యుల కాపలాలో పెట్టు చల్లనిమంట మేలు. వేసవిలో దిక్కులేక తిరుగు వేడిమంట కీడు. నిప్పు మంచిదా చెడ్డదా అనునది ప్రశ్నయే కాదు. ఏ అడవిలో, ఏ నెలలో, ఎన్నియేండ్ల కొకసారి అనునదే ప్రశ్న. ఈ సంగతిని గ్రహించుటకు శాస్త్రజ్ఞులకు సుమారు ఒక శతాబ్దము పట్టినది.

ప్రజలు లేని రక్షణ

అగ్నిరేఖలు, చట్టములు ఎన్నియున్నను అడవిప్రక్కన నివసించువారి మనస్సు కలియనిచో ఫలితము స్వల్పము. బుద్ధిపూర్వకముగగాని, మహా నిర్లక్ష్యమువలనగాని రిజర్వులో మంట వచ్చినచో పశువుల మేపుహక్కును నిలిపివేయుటకు భారత అటవీచట్టము వీలుకల్పించినది. ఒకడు పెట్టిన నిప్పునకు ఊరంతయు దండన పొందవచ్చును. కోపమున్నచోట మంటను చూచినవాడు చెప్పడు. చెప్పినను ఆర్పుటకు రాడు.

1921లో హిమాలయములలోని కుమావూఁలో రిజర్వులపైనను, వెట్టిచాకిరిపైనను ప్రజలకు కలిగిన ఆగ్రహము సరళవృక్షముల అడవులను తగులబెట్టుటగ పరిణమించినది. అదేకాలమున నల్లమలకు ఈశాన్యపు టంచున నున్న పల్నాటిలో రైతులు పుల్లరి చెల్లించుటకు నిరాకరించి పశువులను అడవికి తోలిరి. ఆ సత్యాగ్రహమునకు నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసుకాల్పులలో మరణించెను. ప్రజల ఇక్కట్లను విచారించుటకు మద్రాసు ప్రభుత్వము నియమించిన అటవీసంఘము అంతకు ముందే, 1913లో, నివేదిక సమర్పించియుండెను. గ్రామముల సమీపపు మేపుభూములను పంచాయతులకు అప్పగించు పద్ధతి దానినుండి పుట్టినది.

స్వాతంత్ర్యము తరువాత చట్టము మారినది. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీచట్టము వచ్చినది. ఆలోచనలో మార్పు మాత్రము ఆలస్యముగ వచ్చినది. 1990లో కేంద్రప్రభుత్వము అటవీరక్షణలో గ్రామస్థులకు భాగముండవలెనని సూచించెను. 1992నుండి మన రాష్ట్రమున వనసంరక్షణ సమితులు ఏర్పడినవి. అడవినుండి వచ్చు ఫలములో పాలుగల ఊరు ఆ అడవికి నిప్పంటినపుడు ఊరకుండదన్నది దీనిలోని సూత్రము. 2006 నాటి అటవీహక్కుల చట్టము గిరిజనుల హక్కులను గుర్తించినది.

నల్లమలలో ఈ విషయమున చెంచులకు ప్రత్యేకస్థానము కలదు. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని వివాహమాడెనను కథచే వారు ఆ స్వామిని తమ అల్లునిగ తలతురు. ఏ వాగు ఎప్పుడు ఎండునో, ఏ గట్టుమీదికి గాలి ఎటునుండి వీచునో వారికి తెలిసినట్లు పటములకు తెలియదు. ఒకప్పుడు నిప్పు పెట్టువారని అనుమానింపబడిన చెంచులే ఈనాడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యమున కాపలా శిబిరములలో కావలివారుగ పనిచేయుచున్నారు. ఈ వ్యాసములోని చరిత్రకంతటికిని ఇది సారాంశమని చెప్పవచ్చును.

ఆకాశమునుండి కాపలా

పూర్వము మంటను కనుగొనుటకు కొండకొమ్మున కావలివాని కన్ను తప్ప వేరు సాధనము లేదు. 1999లో టెర్రా, 2002లో ఆక్వా అను ఉపగ్రహములు ప్రయోగింపబడినవి. వానిలోని మోడిస్ అను పరికరము నేలనుండి వెలువడు పరారుణ కిరణములను కొలుచును. చుట్టుప్రక్కలకంటె మిక్కిలి వేడిగనున్న చోటు మంటయై యుండును. ఇది సుమారు 1 కిలోమీటరు చదరములుగ భూమిని చూచును. 2011లో ప్రయోగించిన మరియొక ఉపగ్రహములోని వీర్స్ అను పరికరము 375 మీటర్ల చదరములుగ చూడగలదు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004నుండి ఈ సమాచారమును రాష్ట్రముల అటవీశాఖలకు అందించుచున్నది. ఇప్పుడు మంటయొక్క అక్షాంశ రేఖాంశములు అధికారుల సెల్‌ఫోనునకే వచ్చుచున్నవి. ఆకులను విసరికొట్టు బ్లోయరు యంత్రములు పచ్చికొమ్మలకు తోడైనవి.

2014 మార్చిలో తిరుమలవద్ద శేషాచలము అడవులు అంటుకొన్నపుడు వాయుసేన హెలికాప్టర్లను రప్పింపవలసివచ్చినది. అట్టి సహాయము అన్నివేళల, అన్ని కొండలకు లభింపదు. ఉపగ్రహము మంటను చూపగలదు గాని ఆర్పలేదు. అది చూచునది పుట్టిన మంటను మాత్రమే. పుట్టనీయకుండుట నేలమీది మనుష్యుని పని.

చేయదగిన పని

అహోబిలస్వామి పారువేట కనుమనాడు మొదలై నలుబది దినములకు పైగా పల్లెపల్లెకు సాగును. బ్రహ్మోత్సవములనాటికి స్వామి తిరిగి కొండ చేరును. సరిగా అగ్నిరేఖలు శుభ్రపరచుటకు తగిన కాలమును ఇదే. స్వామి పల్లకి బయలుదేరినదినము పని ప్రారంభదినమనియు, తిరిగివచ్చుదినము దానికి గడువనియు అడవిప్రక్క గ్రామములవారు నిర్ణయించుకొన్నచో వేరు పంచాంగముతో పనిలేదు.

ఈ ప్రాంతపు ఉన్నతపాఠశాలల ఉపాధ్యాయులకు కూడ ఇందొక అవకాశము కలదు. కాలిన గట్టున ఒక చదరమును, కాలని గట్టున మరియొక చదరమును గీచి, వానిలోని మొలకలను ప్రతియేడు తొలకరి తరువాత విద్యార్థులచే లెక్కింపించవచ్చును. నేల సరిహద్దు రిజర్వులోనిదైనచో అటవీశాఖ అనుమతి పొందవలెను. ఖర్చు లేని ఈ ప్రయోగము అయిదారేండ్లు సాగినచో ఆ లెక్కలు ఏ ఉపన్యాసముకంటెను ఎక్కువ చెప్పును. ఇప్పపూవు ఏరువారి పిల్లలును, గొఱ్ఱెలకాపరి పిల్లలును ఆ తరగతులలోనే యున్నారు. తమ చేతితో లెక్కించిన మొలక మాడిపోయినట్లు చూచిన పిల్లవాడు ఇంటికి పోయి చెప్పు మాటకు చట్టమునకు లేని బలము కలదు.